నారు పోసే చేతులు: టమాట నారులో బ్యాక్టీరియా తెగుళ్ల చరిత్ర

సమాఖ్య వార్షిక నివేదికలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, వసూళ్ల శాతాలు ఉంటయి. అవి ఉండాల్సిందే. వాటి నడుమ తెగుళ్ల చరిత్ర గురించి ఒక వ్యాసం ఎందుకని కొందరు అక్కలకు అనిపించవచ్చు. కారణం చిన్నది. షేడ్‌నెట్ కింద, పాలీహౌజ్‌లో కూరగాయల నారు పెంచి అమ్ముడు మహిళా సంఘాలకు అనువైన పని అని ఇప్పుడు అందరూ చెప్తున్నరు. జాగ తక్కువ సరిపోతది, ఇంటికి దగ్గర్లో చేసుకోవచ్చు, నెల రోజులల్ల పైసలు తిరిగొస్తయి. ఇవన్నీ నిజమే. కాని నారు అమ్మినోళ్లు ఆ నారుతో పాటు ఏం అమ్ముతున్నరో కూడా తెలుసుకోవాలె. ఒక ట్రేలో పుట్టిన జబ్బు పది మంది చేన్లకు పోతది. ఆ చేన్లల్ల పెట్టిన పెట్టుబడి చాలాసార్లు మన సంఘం అప్పే అయి ఉంటది.

టమాట నారుకు వచ్చే బ్యాక్టీరియా తెగుళ్లకు వచ్చినంక నయం చేసే మందు ఇప్పటికీ లేదు. నూట ముప్పై ఏండ్ల సంది శాస్త్రవేత్తలు వెతికి తేల్చిన మాట ఒక్కటే: రానియ్యకుండ చూసుకునుడే మందు. ఆ పని విత్తనం కాడ, నీళ్ల కాడ, చేతుల కాడ జరుగుతది. ఈ మూడూ మొదటి నుంచి ఆడోళ్ల చేతిలో ఉన్న పనులే. ఈ వ్యాసం ఆ సంగతి చెప్పడానికే.

పాత నారుమడి

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో నారు అంటే మొదట వరి నారే గుర్తుకొస్తది. 1922లో పోచారం చెరువు కట్ట పూర్తయింది. 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. మంజీర నీళ్లు కాలువలకు ఎక్కినంక వరి పెరిగింది. వరితో పాటు నారు పీకే పని, నాటేసే పని పెరిగింది. కాలువలు తవ్విన ఇంజినీర్ల పేర్లు పుస్తకాలల్ల ఉన్నయి. నడుములోతు వంగి నాటేసిన కైకిలోళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఆ పని మాత్రం తరాల తరబడి ఆడోళ్లదే.

కూరగాయల నారు వేరే తీరు. బావి కాడనో, పెరట్లనో నాలుగడుగుల మడి ఎత్తుగా కట్టి, మాగిన పెంట కలిపి, గింజలు చల్లి, పైన సన్నమట్టి, బూడిద చల్లేటోళ్లు. చీమలు ఎత్తుకపోకుండ బూడిద, ఎండ తగలకుండ గడ్డి కప్పు. మిరప, వంకాయ, టమాట ఈ మూడింటికీ ఇదే పద్ధతి. విత్తనం కొనుడు అప్పట్లో తక్కువ. మంచి చెట్టుకు మంచి కాయ చూసి, పండినంక పిసికి, కుండలో ఒకటి రెండు రోజులు పులియబెట్టి, కడిగి, నీడకు ఎండబెట్టేటోళ్లు.

ఈ పులియబెట్టుడు గురించి ఒక మాట చెప్పుకోవాలె. గింజ చుట్టూ ఉన్న జిగురు పోవడానికి చేస్తరని మన పెద్దలు అనుకున్నరు. జిగురుతో పాటు గింజ పైన అంటుకొని ఉన్న బ్యాక్టీరియా కూడా ఆ పులుపుకు చాలా వరకు చస్తదని తర్వాతి పరిశోధకులు చూపించారు. గింజ లోపల దాక్కున్నది మాత్రం చావదు. అంటే పాత పద్ధతిలో సగం రక్షణ ఉంది, సగం లేదు. పాతదంతా గొప్పదనుకోవద్దు, పాతదంతా తెలివి తక్కువదనీ అనుకోవద్దు.

టమాట మన పంట కాదని కూడా గుర్తుంచుకోవాలె. దక్షిణ అమెరికాలో పుట్టి, యూరోపు నావలెక్కి మన దేశానికి వచ్చింది. తెలుగులో దాన్ని రామములగ అని, సీమ వంకాయ అని పిలిచిన కాలం ఉంది. వంకాయ పేరు పెట్టుడు తప్పేం కాదు. టమాట, వంకాయ, మిరప, ఆలుగడ్డ, పొగాకు అన్నీ ఒకే కుటుంబం. ఒకదాని జబ్బు ఇంకొకదానికి అంటుకునుడు కూడా అందుకే.

మొక్కకు బ్యాక్టీరియా జబ్బా?

మనుషులకు బ్యాక్టీరియాతో జబ్బు వస్తదని లోకం నమ్మినంక కూడా మొక్కలకు వస్తదంటే చాలా మంది నమ్మలేదు. 1870ల చివర్లో అమెరికాలో థామస్ బరిల్ అనే ఆయన పియర్, ఆపిల్ చెట్ల కొమ్మలు మాడిపోవడానికి బ్యాక్టీరియా కారణమని చూపించారు. జర్మనీలో ఆల్ఫ్రెడ్ ఫిషర్ అనే శాస్త్రవేత్త అదంతా ఉత్తదేనని వాదించారు. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన ఎర్విన్ స్మిత్ ఆయనతో 1897 నుంచి 1901 దాకా రాతపూర్వకంగా తగువాడి తన మాట నెగ్గించుకున్నారు.

1896లో టమాట, వంకాయ, ఆలుగడ్డ మొక్కలు పచ్చగుండంగనే వడలి చచ్చిపోయే తెగులుకు కారణమైన బ్యాక్టీరియాను వర్ణించింది కూడా స్మితే. అదే ఈనాటి బ్యాక్టీరియా ఎండు తెగులు. 1909లో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ దగ్గర అద్దాల ఇండ్లలో పెంచిన టమాటకు ఇంకో జబ్బు కనిపించింది. మరుసటేడు స్మిత్ దాన్ని వర్ణించారు. ఇప్పుడు క్యాంకర్ అని పిలిచేది దాన్నే. చూడండి, ఆ తెగులు మొదట దొరికిందే కప్పు కింద పెంచిన పంటలో. వెచ్చదనం, చెమ్మ, మొక్కలు దగ్గరదగ్గర ఉండుడు, ఒకే చేయి అన్ని మొక్కలను ముట్టుడు: మొక్కకు మేలు చేసే ఇల్లే జబ్బుకూ మేలు చేసింది. మన పాలీహౌజ్‌లకు కూడా ఇదే వర్తిస్తది.

చరిత్రలో కనపడని అక్కలు

ఎర్విన్ స్మిత్ పేరు అన్ని పుస్తకాలల్ల ఉంటది. ఆయన ప్రయోగశాలలో 20 మందికి పైగా మహిళలు పనిచేశారన్న సంగతి తక్కువ చోట్ల ఉంటది. ఆ కాలంలో చదువుకున్న ఆడోళ్లకు విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలు దొరకకపోయేది. స్మిత్ వాళ్లను పనిలో పెట్టుకున్నారు. నెల్లీ బ్రౌన్, ఫ్లోరెన్స్ హెడ్జెస్, లూసియా మెక్‌కల్లక్, షార్లెట్ ఎలియట్, మేరీ బ్రయాన్ వాళ్లలో కొందరు. మేరీ బ్రయాన్ 1930లో టమాట క్యాంకర్ మీద పెద్ద పరిశోధన అచ్చు వేయించారు. 1933లో టమాట ఆకుల మీద, కాయల మీద సన్న నల్ల చుక్కలు తెచ్చే స్పెక్ తెగులును వివరించారు. అదే ఏడు తైవాన్‌లో ఒకాబే అనే శాస్త్రవేత్త కూడా దాన్నే వర్ణించారు.

దక్షిణ ఆఫ్రికాలో ఎథెల్ డాయిడ్జ్ ఇంకొకరు. 1914లో ఆ దేశంలో డాక్టరేట్ పొందిన మొదటి మహిళ. టమాట ఆకుమచ్చ తెగులుకు కారణమైన బ్యాక్టీరియాను 1921లో ప్రిటోరియాలో ఆమె వర్ణించారు. అదే ఏడు అమెరికాలోని ఇండియానాలో కూడా ఈ తెగులు మీద పరిశోధన వచ్చింది. ఎండు తెగులు బ్యాక్టీరియాకు ఇప్పుడున్న శాస్త్రీయ నామం రాల్స్టోనియా. ఆ పేరు ఎరికా రాల్స్టన్ అనే మహిళా శాస్త్రవేత్త పేరు మీద పెట్టిందే.

అంటే టమాటకు వచ్చే నాలుగు పెద్ద బ్యాక్టీరియా తెగుళ్ల చరిత్రలో ఎక్కడ వేలు పెట్టినా ఒక మహిళ పేరు తగులుతది. నారు మడిలో మన చేయి, ప్రయోగశాలలో వాళ్ల చేయి.

నాలుగు తెగుళ్లు, గుర్తుపట్టే తీరు

మొదట ఒక తేడా చెప్పాలె. మొలక నేల మట్టం కాడ మెత్తబడి కూలిపోతే అది నారుకుళ్లు. అది శిలీంధ్రంతో వచ్చేది, బ్యాక్టీరియాది కాదు. దాని మందులు వేరు. చాలా చోట్ల రెండింటికీ ఒకే మందు కొట్టి పైసలు పోగొట్టుకుంటరు.

ఎండు తెగులు: ఆకులు పసుపు కాకుండనే, పచ్చగుండంగనే మొక్క ఎండలో వడలిపోతది. సాయంత్రం లేచినట్టు కనిపిస్తది, మూడు నాలుగు రోజులకు మొత్తం పోతది. దీనికి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఉంది. కాండం కోసి, కోసిన కొన సాఫైన గ్లాసు నీళ్లలో తగిలేటట్టు కదలకుండ పట్టుకోవాలె. కొద్ది నిమిషాలల్ల పాల లెక్క తెల్లటి దారాలు కిందికి దిగితే అది బ్యాక్టీరియా ఎండు తెగులే. దారాలు దిగకపోతే ఇతర కారణం వెతకాలె. పైస ఖర్చు లేని ఈ పరీక్ష ప్రతి సంఘానికి తెలిసి ఉండాలె.

క్యాంకర్: ఆకు అంచులు మాడుతయి, కాండం మీద చీలికలు పడతయి, కాయ మీద తెల్ల అంచుతో చిన్న మచ్చలు వస్తయి. దీనితో ఉన్న కష్టమేందంటే, నారు దశలో చాలాసార్లు ఏ గుర్తూ కనపడదు. మంచిగున్నదనుకొని అమ్ముతం. నాటినంక వారాలకు బయటపడతది. విత్తనంతో వచ్చే జబ్బు ఇది. పది వేల గింజల్లో ఒక్క గింజకు ఉన్నా తోటంతా పాకడానికి చాలని పరిశోధకులు రాశారు.

ఆకుమచ్చ తెగులు: ఆకుల మీద నీళ్లు నానినట్టు చిన్న చుక్కలు పుట్టి, నల్లబడి, కలిసిపోయి ఆకు రాలుతది. వెచ్చగా, తడిగా ఉన్నప్పుడు ఎక్కువ. మన వానకాలం నారుకు దీని భయమే ఎక్కువ.

స్పెక్: ఇదీ చుక్కలే, కాని సన్నగ ఉంటయి, చుట్టూ పసుపు వలయం ఉంటది. చల్లటి కాలంలో ఎక్కువ వస్తది. ఈ రెండింటినీ కంటితో విడదీసుడు కష్టం. నారుమడిలో రెండింటి జాగ్రత్తలూ ఒకటే కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు.

మందుల కథ

మొక్కల మందుల చరిత్ర ఫ్రాన్సు ద్రాక్ష తోటల నుంచి మొదలైతది. దారిన పోయేటోళ్లు పండ్లు తెంపకుండ అక్కడి రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి దారి పక్క తీగల మీద చల్లేటోళ్లు. అది పడ్డ తీగలకు తెగులు రాలేదని మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించి 1885లో ప్రకటించారు. అదే బోర్డో మిశ్రమం. అప్పటిసంది రాగి మందులు, ఇప్పటి కాపర్ ఆక్సీక్లోరైడ్ దాకా, బ్యాక్టీరియా తెగుళ్ల మీద కూడా వాడుతున్నరు. రాగి మందు ఆకు పైన కాపలా ఉంటది, లోపలికి పోయిన జబ్బును ముట్టలేదు. ఒకే మందు మళ్లీ మళ్లీ కొడితే బ్యాక్టీరియా దానికి అలవాటు పడుతది. ఆకుమచ్చ బ్యాక్టీరియాలో రాగిని తట్టుకునే రకాలు వచ్చినయని అమెరికాలోని ఫ్లోరిడాలో 1980ల మొదట్లోనే తేలింది.

రెండో కథ యాంటీబయాటిక్‌ది. ఇది మన ఇండ్లకు దగ్గరి కథ. 1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో స్ట్రెప్టోమైసిన్ దొరికింది. 1944లో దాన్ని లోకానికి తెలిపిన పరిశోధన పత్రం మీద మూడు పేర్లు ఉన్నయి: ఆల్బర్ట్ షాట్జ్, ఎలిజబెత్ బ్యూగీ, సెల్మన్ వాక్స్‌మన్. పేటెంటు మీదకు వచ్చేసరికి బ్యూగీ పేరు లేదు. 1952లో నోబెల్ బహుమతి వాక్స్‌మన్ ఒక్కరికే వచ్చింది.

స్ట్రెప్టోమైసిన్ క్షయ రోగాన్ని, మనం టీబీ అనే జబ్బును, లొంగదీసిన మొదటి మందు. మన దేశంలో 1954లో పుణె పక్కన పింప్రిలో ప్రభుత్వమే హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ కంపెనీని పెట్టింది. తర్వాత అదే మందుకు టెట్రాసైక్లిన్ కలిపి పంటల కోసం చిన్న పొట్లాలల్ల అమ్మకానికి వచ్చింది. స్ట్రెప్టోసైక్లిన్ పేరు వినని రైతు ఉండడు. పది లీటర్లకు ఒక గ్రాము అని పాత సిఫారసు. నారుకు, నిమ్మకు, వరికి, పత్తికి అన్నింటికీ కొట్టిన్రు.

కాని ఫ్లోరిడాలోనే 1960ల మొదట్లో ఆకుమచ్చ బ్యాక్టీరియా స్ట్రెప్టోమైసిన్‌కు లొంగుడు మానేసిందని పరిశోధకులు రాశారు. మందు పంటల్లోకి వచ్చి అప్పటికి పదేండ్లు కూడా కాలేదు. మన దేశంలో 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ఒక ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ మందులను పంటల్లో వాడుడు 2024 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపాలన్నది అందులోని మాట. కారణం, మనుషుల మందులు చేన్లల్ల చల్లితే వాటిని తట్టుకునే బ్యాక్టీరియా మట్టిలో, నీళ్లలో పెరిగి, ఆఖరికి మనుషులకు ఆ మందులు పనిచేయకుండ పోతయి.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ఆడోళ్లకు ఈ మాట ఇంకొంచెం గట్టిగా తగలాలె. మన సంఘాల్లో ఎంతో మంది బీడీలు చుట్టి బతుకుతున్నరు. పొగాకు దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తుల జబ్బులతో బాధపడే ఇండ్లు మనకు తెలియనివి కావు. టీబీ మందు విలువ మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మొండి టీబీకి వాడే మందుల్లో స్ట్రెప్టోమైసిన్ వరుసవాళ్లు ఇప్పటికీ ఉన్నరు. అట్లాంటి మందును రెండు రూపాయల నారు మీద చల్లి పాడు చేసుకునుడు ఎవరికి లాభం? పైగా నారుకు కూడా అది నయం చేయదు. గుర్తులు కొన్ని రోజులు దాచిపెడతది, గంతే. దాచిపెట్టిన జబ్బుతోటే నారు అమ్ముడుపోతది.

కప్పు కిందికి వచ్చిన నారు

తెలంగాణ వచ్చినంక పాలీహౌజ్‌లకు రాష్ట్ర ప్రభుత్వం 75 శాతం దాకా సబ్సిడీ ఇచ్చింది. సిద్దిపేట జిల్లా ములుగులో ఉద్యాన శాఖ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ప్రోట్రేలలో కూరగాయల నారు పెంచి రైతులకు ఇచ్చుడు మొదలుపెట్టింది. శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం కూడా ఆ ములుగులోనే ఉంది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడ్డంక మనకు జిల్లా ఉద్యాన అధికారి దగ్గరయ్యారు. హరితహారం వచ్చినంక ఊరూరికీ మొక్కల నర్సరీ వచ్చి, కవర్లు నింపుడు, గింజ పెట్టుడు, నీళ్లు పట్టుడు ఎంతో మంది సభ్యులకు అలవాటైన పని అయింది.

ప్రోట్రే చాలా మేలు చేసింది. 98 గుంతల ట్రేలో కొబ్బరి పొట్టు నింపి గుంతకు ఒక గింజ పెడితే విత్తనం ఆదా, వేరు తెగదు, 25 నుంచి 30 రోజులకు నారు తయారు. నేల తగలదు కాబట్టి ఎండు తెగులు భయం తగ్గింది. సన్న కన్నాల నైలాన్ వల కడితే తెల్లదోమ రాదు, ముడుత వైరస్ తగ్గుతది.

ఇంకో దిక్కు చూస్తే, విత్తనంతో వచ్చే జబ్బులకు ఈ ఇల్లు పుట్టిల్లు లెక్క అయింది. పైపుతో మీది నుంచి నీళ్లు కొడితే ఒక ఆకు మీది చుక్క పక్క ట్రేకు చిందుతది. రాత్రి కప్పుకు పట్టిన చెమ్మ తెల్లారేసరికి బొట్లు బొట్లుగా నారు మీదనే రాలుతది. ట్రేలు ఒకదానికొకటి ఆనించి పెడితే గాలాడదు. పాత నారుమడిలో జబ్బు వస్తే ఆ ఇంటి చేను పోయేది. ఇప్పుడు ఒక్క షేడ్‌నెట్ నుంచి నారు నాలుగైదు ఊర్లకు పోతుంది. వరుసల నడుమ 90, మొక్కల నడుమ 60 సెంటీమీటర్లు పెడితే ఎకరానికి సుమారు 7,500 మొక్కలు పడతయి. అంటే 80 ట్రేల లోపే ఒక ఎకరం. లెక్క చిన్నగనే కనిపిస్తది, బాధ్యత మాత్రం పెద్దది.

సంఘాల చరిత్ర ఏం నేర్పింది

1982లో డ్వాక్రా పథకం వచ్చింది. 1992లో నాబార్డు బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. అదే కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచింది, పొదుపు ఉద్యమానికి ఊపిచ్చింది. 2000లో సెర్ప్ వచ్చినంక గ్రామైక్య సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అనే మెట్లు గట్టిపడ్డయి.

మన పనికి దగ్గరి పాఠం ఒకటి ఆ తర్వాత వచ్చింది. ఖమ్మం వైపు పునుకుల అనే ఊరు పత్తికి పురుగుమందులు కొట్టుడు మానేసి, 2004 నాటికి పంచాయతీ తీర్మానమే చేసుకుంది. అక్కడ వేపగింజలు ఏరి, దంచి, పొడి చేసి ఇచ్చిన పనిలో మహిళా సంఘాలు ముందున్నయి. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న ఏనెబావి ఊరు ఊరంతా రసాయనాలు మానేసింది. ఆ అనుభవాల మీద సెర్ప్ మహిళా సమాఖ్యల ద్వారానే పురుగుమందులు లేని సేద్యాన్ని రాష్ట్రమంతా తీసుకపోయింది. మన పక్కనే జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్లు 1980ల సంది విత్తనాలు దాచిపెట్టి, ఒకరికొకరు మార్చుకుంటున్నరు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి వైపు నుంచి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. వేప కషాయం పురుగులకు పనిచేస్తది. బ్యాక్టీరియా తెగుళ్ల విషయంలో దాని మీద భరోసా పెట్టుకోలేం. ఆ ఊర్ల నుంచి మనం తీసుకోవాల్సింది కషాయం కాదు, కట్టుబాటు. ఒక్క రైతు నియమం పెట్టుకుంటే పక్క చేను దాన్ని చెడగొడతది. అందరూ కలిసి తీర్మానం రాసుకుంటేనే నిలబడతది. నారు శుభ్రం కూడా అట్లాంటిదే. తొమ్మిది మంది చేతులు కడుక్కొని పదో మనిషి కడుక్కోకపోతే తొమ్మిది మంది కష్టం పోయినట్టే.

నర్సరీ పెట్టే సంఘాలు చేసుకోవాల్సిన పని

విత్తనం: సొంత విత్తనమైతే, పల్చటి గుడ్డలో వదులుగా మూట కట్టి 50 డిగ్రీల వేడి నీళ్లలో సరిగ్గా 25 నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచి, నీడకు ఆరబెట్టాలె. చేయి పెట్టి చూసి అందాజుగా చేయొద్దు, థర్మామీటర్ కొనాలె. వేడి తగ్గితే జబ్బు చావదు, పెరిగితే గింజ చస్తది. ముందు కొన్ని గింజలతో మొలక చూసుకోవాలె. ఆరినంక కిలో విత్తనానికి 10 గ్రాముల సూడోమోనాస్ పొడి పట్టించాలె. కంపెనీ రంగు మందు పట్టించిన గింజలకు వేడి నీళ్ల పద్ధతి చేయొద్దు. ఆ పొట్లం మీది లాట్ నంబరు రాసుకొని, ఖాళీ పొట్లం దాచిపెట్టాలె.

ట్రేలు: పాత ట్రేలు మట్టి లేకుండ కడిగి, బ్లీచింగ్ నీళ్లలో ముంచి, ఎండబెట్టి వాడాలె. మట్టి ఉండగా ముంచితే బ్లీచింగ్ పనిచేయదు. జబ్బు వచ్చిన ట్రేలోని కొబ్బరి పొట్టు మళ్లీ వాడొద్దు. ట్రేలను నేల మీద కాకుండ బల్లల మీద పెట్టాలె.

నీళ్లు: పొద్దున పట్టాలె, మధ్యాహ్నానికి ఆకులు ఆరిపోవాలె. సాయంత్రం పట్టొద్దు. పైపు కొన నేల మీద పడేయొద్దు. చేన్ల పారకం కలిసే కుంట నీళ్లకన్నా బోరు నీళ్లు మేలు. పక్క తెరలు పొద్దుననే లేపి గాలాడనియ్యాలె.

చేతులు: లోపలికి పోయే ముందు సబ్బుతో కడగాలె. బీడీలు చుట్టి వచ్చినోళ్లు తప్పకుండ కడగాలె, ఎందుకంటే పొగాకుతో పాటు మొజాయిక్ వైరస్ కూడా చేతులకంటి నారుకు పోతది. తడి ఆకులను ముట్టొద్దు. ముందు నర్సరీ పని, తర్వాతనే చేను పని. చేన్ల తిరిగి వచ్చిన కాళ్లతో నారు కాడికి పోవద్దు.

ఏరివేత: ఒక్క మొక్క మీద అనుమానమొచ్చినా ఆ ట్రేను, పక్క ట్రేలను కవర్లో పెట్టి బయటికి తీసుకపోయి కాల్చాలె, లేకుంటే లోతుగా పూడ్చాలె. పశువుల కొట్టంలో, పెంటకుప్పలో వేయొద్దు. రాగి మందు అవసరమైతే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, అదీ ఉద్యాన అధికారినో, రుద్రూర్ కృషి విజ్ఞాన కేంద్రాన్నో అడిగి వాడాలె.

చేను: నారు కొన్నోళ్లకు కూడా చెప్పాలె. వంకాయ, మిరప, టమాట పోయిన చేన్ల మళ్లీ టమాట పెట్టొద్దు. ఎండు తెగులు ఉన్న చేనుకు వరి, మక్క మార్పిడి మంచిది. నీళ్లు నిలిచిన వరి మడిలో ఆ బ్యాక్టీరియా తగ్గుతది. కాలువ కింద ఉన్న మన రైతులకు ఇది చేతిలో ఉన్న మందు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ లాంటి రకాలు ఎండు తెగులును తట్టుకుంటయి. వంకాయ వేరు మీద టమాటను అంటుకట్టే పద్ధతి కూడా వచ్చింది. అయితే అవి ఎండు తెగులుకే. క్యాంకర్‌కు, ఆకుమచ్చకు విత్తన శుభ్రమే దిక్కు.

లెక్క పుస్తకంలో ఇంకో కాలం

మన సంఘాలు ముప్పై ఏండ్లలో నేర్చుకున్న అతి పెద్ద విద్య రాసిపెట్టుడు. ఎవరు ఎంత కట్టిన్రు, ఎవరు ఎంత తీసుకున్నరు, ఎప్పుడు తిరిగి కట్టిన్రు అన్నది పుస్తకంలో ఉంటది కాబట్టే బ్యాంకు మనను నమ్మింది. నారుకు కూడా అట్లనే పుస్తకం పెట్టాలె. గింజ లాట్ నంబరు, పోసిన తారీకు, ట్రేల సంఖ్య, ఏరేసిన ట్రేలు, ఎవరికి అమ్మినం, ఏ ఊరు. రెండు నెలలకు ఒక రైతు చేన్ల జబ్బు బయటపడితే, అదే లాట్ నారు ఇంకెవరెవరి చేన్ల ఉందో ఆ రోజే చెప్పగలగాలె. క్యాంకర్ లాంటి దాగి ఉండే జబ్బుకు ఇది తప్ప ఇంకో ఎదురుమందు లేదు.

చివరగా పైసల సంగతి. జబ్బు ట్రే కాల్చేయమని చెప్పుడు సులువు. ఆ ట్రేలు పెంచిన అక్కకు అది నెల కష్టం, మీద వడ్డీ. నష్టమంతా ఆమె ఒక్కతే మోయాల్సి వస్తే, కళ్లు మూసుకొని అమ్ముకోవాలనిపించుడు సహజం. జబ్బు నారు బజారుకు వచ్చేది చాలా వరకు చెడ్డ బుద్ధితో కాదు, అప్పు భయంతో. అందుకని నర్సరీ అప్పు మంజూరు చేసే రోజే గ్రామైక్య సంఘం ఇంకో తీర్మానం కూడా రాసుకోవాలె: అమ్మిన ప్రతి ట్రే మీద కొంత పైస పక్కన పెట్టి నష్ట నిధి చేసుడు, అనుమానంతో కాల్చిన ట్రేలకు అందులోంచి కట్టించుడు, కాల్చిన సభ్యురాలి పేరు బాకీదారుల్లో కాకుండ బాధ్యత తీసుకున్నోళ్లల్ల రాసుడు. ఆ తీర్మానం ఉన్న ఊర్ల నారు కోసం రైతులు పక్క మండలం నుంచి కూడా వస్తరు.